బండి కింద వేడి: ఎండుటాకుల అడవిలోకి కొత్త వాహనాలు

కిష్టారం పేరు దేశంలో చాలామంది మొదటిసారి విన్నది 2018 మార్చి 13న. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో కిష్టారం, పాలోడి మధ్య దారిలో మందుపాతర పేలింది. పేలుళ్లను తట్టుకునేలా తయారుచేసిన వాహనంలో వెళ్తున్న తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి ‘బండి కింద ఏముంది’ అన్న ప్రశ్నకు ఒకటే అర్థం ఉండేది. ఇప్పుడు ఆ అడవుల్లోకి రోడ్లు వస్తున్నాయి. రోడ్ల వెంట బైకులు, జీపులు, సరుకు వ్యాన్లు, లారీలు వస్తున్నాయి. అదే ప్రశ్నకు ఇంకో అర్థం కూడా చేరుతోంది. ఆ విషాదం పక్కన పెట్టి చూడదగినంత పెద్దది కాదది. చాలా మామూలు సంగతి. మామూలుది కాబట్టే ఎవరి కంటా పడటం లేదు.

కిష్టారం కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. సరిహద్దుకు ఇవతల చర్ల, ఇంకాస్త దూరంలో భద్రాచలం. కోంటా వైపు ఉండే దోర్ల గిరిజనుల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. చుట్టూ టేకు, తునికి, ఇప్ప, నల్లమద్ది. ఇదంతా ఆకురాల్చే అడవి. శివరాత్రి దాటిన దగ్గర్నుంచి ఆకు రాలడం మొదలై, ఏప్రిల్‌కల్లా నేల మీద అడుగు వేస్తే పెళపెళమనే పరుపు తయారవుతుంది. ఛత్తీస్‌గఢ్ అటవీ శాఖ ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు నిప్పు కాలంగా లెక్కవేసుకుని కాపలా పెడుతుంది.

ఇప్పుడు ఈ అడవిలోకి వస్తున్న కొత్త బండ్లు పాతవాటి కంటే శుభ్రమైన పొగ వదులుతాయి. అందులో అనుమానం లేదు. అయితే పొగను శుభ్రం చేసే పని వేడితోనే జరుగుతుంది. ఆ వేడంతా బండి అడుగున, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. నగరంలో తారు రోడ్డు మీద, సిమెంటు గచ్చు మీద దాని వల్ల నష్టం లేదు. ఎండుటాకుల మీద ఉంది. ఈ ఒక్క సంగతి అడవిలో బండి నడిపేవాళ్లకు, వాళ్ల భాషలో, ఇంతవరకు ఎవరూ సరిగా చెప్పలేదు.

పెట్రోలు ఇంజిన్ పొగలో ముఖ్యంగా మూడు రకాల విషాలుంటాయి. సగం కాలిన ఇంధనం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, అసలే కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, ఇంజిన్ లోపలి తీవ్రమైన వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి తయారయ్యే నైట్రోజన్ ఆక్సైడ్లు. ఈ మూడింటినీ ఒకేచోట విరగ్గొట్టేదే కేటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని సన్నటి గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. ఇవి ఉత్ప్రేరకాలు. తాము ఖర్చు కాకుండా చర్యను నడిపిస్తాయి. అయితే చల్లగా ఉన్నప్పుడు ఇవి దాదాపు ఏమీ చేయవు. 250, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర పని మొదలవుతుంది. బండి పరుగు మీద ఉన్నప్పుడు లోపల 400 నుంచి 800 డిగ్రీల వరకు ఉండటం మామూలే. పైగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు అందులో కాలడం వల్ల వేడి ఇంకా పుడుతుంది. ఒక రకంగా ఇది బండి కింద పెట్టుకున్న చిన్న పొయ్యి.

మన దేశంలో ఇది 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి అయింది. సీసం కలిసిన పెట్రోలు ఈ లోహపు పూతను పాడుచేస్తుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు దొరకడం మొదలయ్యాక కన్వర్టర్ ఉన్న కార్లు ఎక్కడైనా తిరగడానికి వీలైంది. 2017లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక మామూలు బైకుల్లోనూ కన్వర్టర్ సాధారణమైపోయింది. అంటే నాలుగు మహానగరాల కార్లతో మొదలైనది, పాతికేళ్లలో కిష్టారం కాలిబాట మీద నడిచే బైకు దాకా చేరింది. హెచ్చరిక మాత్రం దాని వెంట అంత దూరం రాలేదు.

ఇనుప గొట్టం తాకితే ఆకు అంటుకుంటుందని అందరికీ తెలుసు. తాకకపోయినా ఏం జరుగుతుందన్నది లెక్క వేసి చూడాలి. వేడి వస్తువు వెదజల్లే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 300 డిగ్రీల దగ్గర ఉన్న గొట్టం 600 డిగ్రీలకు చేరితే, సెల్సియస్ లెక్కలో వేడి రెట్టింపయినట్టు కనిపిస్తుంది. కెల్విన్ లెక్కలో అది 573 నుంచి 873కు పెరగడం. ఆ నిష్పత్తి నాలుగో ఘాతం తీస్తే, వెదజల్లే శక్తి ఐదు రెట్లు దాటుతుంది. 600 డిగ్రీల్లో ఉన్న నల్లటి ఉపరితలం చదరపు మీటరుకు 33 కిలోవాట్ల దాకా వేడిని విడుదల చేస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు. కన్వర్టర్ బయటి తొడుగు లోపలి దిమ్మంత వేడిగా ఉండదు, పైన హీట్ షీల్డ్ అనే రేకు కూడా ఉంటుంది. కాబట్టి ఆ 33 కిలోవాట్లూ ఆకుల మీద పడవు. అందులో కొంత భాగమే పడుతుంది. ఏప్రిల్ ఎండల్లో తేమంతా పోయిన ఆకుకు, అందునా గొట్టానికి ఆనుకుని ఉన్న ఆకుకు, ఆ కొంత చాలు.

ఎండుగడ్డి ఫలానా డిగ్రీ దగ్గర అంటుకుంటుందని ఒక్క అంకె చెప్పలేం. దానిలో తేమ ఎంత, ఎంతసేపు తాకి ఉంది, గాలి ఎటు వీస్తోంది అన్నవాటిని బట్టి మారుతుంది. మొక్కల్లోని సెల్యులోజ్ 250, 300 డిగ్రీల మధ్య విచ్ఛిన్నం కావడం మొదలుపెడుతుంది. మొదట మంట రాదు. పొగ వాసన వస్తుంది, లోలోపల రాజుకుంటుంది, గాలి తగిలితే మంటవుతుంది. బండి ఆపిన వెంటనే ప్రమాదం తగ్గిందనుకోవడానికీ లేదు. పరుగులో ఉన్నప్పుడు కింద వీచే గాలి గొట్టాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. ఆపగానే అది ఆగిపోతుంది. లోపలి వేడి బయటి తొడుగుకు పాకుతూ కొన్ని నిమిషాలు అలాగే నిలిచి ఉంటుంది. డ్రైవరు తాళం తీసుకుని టీ తాగడానికి వెళ్లిన ఆ కొన్ని నిమిషాలే కీలకం.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. కర్ణాటకలోనూ, రాయలసీమలోనూ ఉలవల వంటి పంటను కోసి రోడ్డు మీద పరచడం పాత అలవాటు. వెళ్లే వాహనాలే నూర్పిడి చేసి పెడతాయి. ఆ తీగలు కారు అడుగున చుట్టుకుని, వేడికి అంటుకుని, కారు మొత్తం తగలబడిన వార్తలు కర్ణాటక నుంచి ఏటా వస్తూనే ఉంటాయి. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో స్పినిఫెక్స్ అనే గడ్డితోనూ ఇదే గొడవ. అక్కడి దూరప్రయాణికులు మధ్యమధ్యలో ఆగి, బండి కిందికి దూరి, చిక్కుకున్న గడ్డిని లాగేస్తారు. గొట్టం దగ్గర ఇరుక్కున్న గడ్డి ప్రయాణంలోనే రాజుకుని, కొంత దూరం పోయాక నిప్పుగా రాలుతుంది. వెనక అడవి అంటుకున్న సంగతి ముందు పోయిన డ్రైవరుకు తెలియనే తెలియదు.

బస్తర్ అడవుల్లో నిప్పుకు అసలు కారణాలు వేరే ఉన్నాయి. ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్టు కింద ఆకు చెత్తను తగలబెడితే, నేల శుభ్రమై పువ్వు ఏరుకోవడం సులువవుతుంది. తునికి పొదలను కాల్చితే కొత్త చిగురు బాగా వస్తుందన్న నమ్మకం ఉంది. వేట కోసం పెట్టే నిప్పు, ఆర్పకుండా పడేసిన బీడీ ముక్క కూడా ఉన్నాయి. వీటితో పోలిస్తే బండి సైలెన్సర్ వాటా చిన్నది. ఆ సంగతి దాచి, కన్వర్టర్లే అడవిని కాల్చేస్తున్నాయని గగ్గోలు పెడితే అది సైన్సు కాదు. కానీ మిగతా కారణాలన్నింటిలో నిప్పు పెట్టేవాడికి తాను నిప్పు ముట్టిస్తున్నానన్న స్పృహ ఉంటుంది. ఇక్కడ అది లేదు. పైగా మిగతావి తగ్గించడానికి అటవీ శాఖ ప్రచారం చేస్తోంది. ఇదొక్కటి రోడ్డుతో పాటు పెరిగేది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా నిప్పును పసిగట్టి ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం 375 మీటర్ల గడిని ఒక చుక్కగా చూస్తుంది. ఎక్కడ మండుతోందో చెబుతుంది కానీ ఎందుకు అంటుకుందో చెప్పదు. రోడ్డు పక్కన మొదలైన నిప్పులను విడిగా లెక్కపెట్టడం పెద్ద పనేమీ కాదు. ఆ లెక్క తీసి జిల్లాలవారీగా బయటపెట్టాలి.

ఈ వేడి వల్ల అన్నిటికంటే ఎక్కువ పోగొట్టుకునేది తునికాకు కల్లం. ఏప్రిల్ చివర్లో, మే నెలలో తెల్లవారుజామునే అడవికి పోయి కోసిన ఆకును ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకుల కట్టలుగా కడతారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి దానికి 5,500 రూపాయలు ఇస్తున్నారు. చాలా కుటుంబాలకు ఏడాదిలో ఒక్కసారి చేతికి వచ్చే పెద్ద మొత్తం ఇదే. కట్టలను కల్లంలో నేల మీద వరుసలుగా పరచి, తిరగేస్తూ రోజుల తరబడి ఎండబెడతారు. తర్వాత బస్తాలకెత్తుతారు. లారీ వస్తుంది. అడవిలో నిప్పు పడితే ఒక్కోసారి ఆరిపోవచ్చు, పచ్చటి చెట్టు బతకవచ్చు. కల్లంలో ఉన్నది మొత్తం ఎండుటాకే, పక్కనే మనుషులు. అందులోకి గంటల తరబడి ఘాటు ఎక్కి వచ్చిన లారీని నేరుగా తోలుకుపోవడం సాధారణంగా జరిగేదే.

ఆ లారీ డీజిల్‌ది కదా, దానికీ ఈ లెక్క వర్తిస్తుందా అన్న సందేహం రావచ్చు. పాత డీజిల్ బండి తక్కువ బరువుతో నడిచేటప్పుడు పొగ అంత వేడిగా ఉండదు. దాని ప్రమాదం వేరు. గొట్టంలో పేరుకున్న మసి రవ్వలుగా ఎగిరిపడుతుంది. పెట్రోలు డిపోల్లోకి వెళ్లే వాహనాల పొగగొట్టానికి నిప్పురవ్వలను ఆపే జాలీ బిగించమనేది ఇందుకే. బీఎస్-6 డీజిల్ బండి రవ్వలను వదలదు. మసిని డీపీఎఫ్ అనే జల్లెడలో పట్టి ఉంచుకుంటుంది. జల్లెడ నిండాక ఆ మసిని కాల్చేయాలి. అందుకు పొగ ఉష్ణోగ్రతను 550, 600 డిగ్రీలకు కావాలనే పెంచుతుంది. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు ఈ పని దానంతటదే అయిపోతుంది. అడవి దారుల్లో గంటకు 20 కిలోమీటర్లు కూడా దాటని బండిలో అది పూర్తికాదు. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అప్పుడు బండిని ఒకచోట నిలిపి, ఇంజిన్ నడుపుతూ జల్లెడను కాల్చే పద్ధతి కొన్ని లారీల్లో ఉంది. ఎక్కడ నిలుపుతారన్నదే ప్రశ్న. మట్టి నేల మీదనా, గడ్డి మీదనా?

పల్లె దారుల అలవాట్లు కొన్ని ఈ పొయ్యిని మరింత రాజేస్తాయి. బ్యాటరీ దిగిపోతే బండిని తోసి స్టార్ట్ చేయడం అందులో ఒకటి. తోస్తున్నంతసేపూ కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరుతుంది. ఇంజిన్ అందుకోగానే అదంతా అక్కడే కాలుతుంది. కన్వర్టర్ ఉన్న కార్లను అలా తోసి స్టార్ట్ చేయొద్దని కంపెనీలు చెప్పేది అందుకే. స్పార్క్ ప్లగ్గు పాడై ఇంజిన్ తడబడుతూ నడిచినా అంతే. బంకు దూరమైన ఊళ్లలో కిరాణా కొట్టు ముందు సీసాల్లో అమ్మే పెట్రోల్లో కిరోసిన్ కలిస్తే ఇంజిన్ సరిగా కాల్చలేదు. మిగిలింది కన్వర్టర్ కాల్చాలి. ఇలాంటప్పుడు లోపలి దిమ్మ వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. చీకట్లో వంగి చూస్తే గొట్టం ఎర్రగా కనిపిస్తుంది.

అన్నింటికంటే మామూలుగా జరిగేది హీట్ షీల్డ్ సంగతి. గుంతల దారిలో బోల్టులు వదులై రేకు గలగలమంటుంది. ఆ చప్పుడు భరించలేక మెకానిక్ దగ్గరికి పోతే, అతను రెండు నిమిషాల్లో పీకి పక్కన పడేస్తాడు. చప్పుడు పోయింది, బండి బాగానే నడుస్తోంది, ఖర్చూ లేదు. వేడికీ గడ్డికీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డు పోయిందని అక్కడ ఎవరికీ అనిపించదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్తే గొట్టం చివర గొట్టం పెట్టి పొగను కొలుస్తారు. బండి కిందికి వంగి ఆ రేకు ఉందో లేదో చూసే నిబంధన అక్కడ పెట్టడం కష్టమేమీ కాదు.

ఇంత గొడవ ఎందుకు, కన్వర్టర్‌నే తీసేస్తే పోలా అనేవాళ్లూ ఉన్నారు. మైలేజీ పెరుగుతుందని, శబ్దం బాగుంటుందని బైకుల నుంచి తీయించేవాళ్లు నగరాల్లో తక్కువేమీ కాదు. అలాంటి సైలెన్సర్లను హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు రోడ్డు రోలర్లతో తొక్కించిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు. లోపలి లోహాల ధర కోసం వాటిని ఎత్తుకుపోయే ముఠాలూ ఉన్నాయి. గుజరాత్‌లో ఈకో వ్యాన్ల సైలెన్సర్ల దొంగతనాలు పెద్ద వార్తలయ్యాయి. అసలు సైలెన్సర్ పోయిన బండికి చవకరకం గొట్టం తగిలించి తిప్పుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇలా మార్చడం నేరం. చట్టం మాట అటుంచినా, కన్వర్టర్ తీసేసిన గొట్టం చల్లగా ఉండదు. ఇంజిన్ నుంచి వచ్చే పొగే కొన్ని వందల డిగ్రీలు. పైగా ఇప్పుడది కార్బన్ మోనాక్సైడ్‌ను అలాగే వదులుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఆ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగు, వాసన లేని వాయువు కాబట్టి మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ, నిలిపిన కారులో ఏసీ వేసుకుని నిద్రపోతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు దాన్ని గుర్తించే అవకాశమే లేదు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో కన్వర్టర్ చల్లగా ఉంటుంది కాబట్టి కొత్త బండి అయినా ఈ ప్రమాదం నుంచి మినహాయింపు లేదు. కన్వర్టర్ ఉండాల్సిందే. మారాల్సింది అది నిలబడే చోటు.

ఎండుగడ్డి, ఆకులు ఉన్నచోట బండి నిలపవద్దన్న హెచ్చరిక కంపెనీల మాన్యువళ్లలో ఉంది. ఉండి ఏం లాభం? అది ఇంగ్లిషులో, సన్నటి అక్షరాల్లో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పుస్తకంలో ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారిన బండికి ఆ పుస్తకమూ ఉండదు. ఢిల్లీలో అమ్మే కారుకూ, సుక్మాలో అమ్మే జీపుకూ ఒకే హెచ్చరిక చాలని అనుకోవడం దగ్గరే తప్పు ఉంది. అడవి జిల్లాల్లో అమ్మే ప్రతి బండి మీద, డ్రైవరు తలుపు పక్కన, కింద మంట బొమ్మతో ఒక స్టిక్కరు అతికించమని రవాణా శాఖ చెప్పవచ్చు. హిందీ, తెలుగు, గోండి మాటల్లో ఒక్క వాక్యం చాలు. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో జీబ్రా క్రాసింగు గురించి అడిగే ప్రశ్నల పక్కన దీని మీద ఒక ప్రశ్న పెట్టవచ్చు. కోంటా వైపు జీబ్రా క్రాసింగ్ కంటే ఎండుటాకే ఎక్కువగా ఎదురవుతుంది.

అయితే స్టిక్కర్లతోనే పని అయిపోదు. డ్రైవరు చదివాడు సరే, బండిని ఎక్కడ నిలపాలి? అడవి రోడ్డుకు రెండువైపులా ఆకే ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండమని చెప్పడం బాధ్యతను అతని నెత్తిన వేసి చేతులు దులుపుకోవడమే. అటవీ శాఖ ఏటా నిప్పు కాలానికి ముందు రోడ్ల పక్కన ఆకు ఊడ్పించి ఫైర్ లైన్లు వేయిస్తుంది. ఆ కూలీల చేతే వారపు సంత పక్కన, ఇప్ప చెట్లు ఎక్కువున్న మలుపుల దగ్గర, కల్లాల బయట, నాలుగు బండ్లు పట్టేంత మేర మట్టి తేలేలా గీకించి, ముగ్గుతో గీత వేయిస్తే పార్కింగు తయారు. సిమెంటు అక్కర్లేదు. రోడ్లు వేసే కాంట్రాక్టర్ల టిప్పర్లు, భద్రతా దళాల వాహనాలు, అంబులెన్సులు కూడా అక్కడే ఆగాలి. లారీని కల్లంలోకి రానివ్వకుండా బయట ఆ మట్టి మీద నిలిపి, బస్తాలు మోయించాలి. ఆ అదనపు మోత కూలి తునికాకు కొన్న కాంట్రాక్టరో, సొసైటీయో భరించాలి తప్ప ఆకు కోసినవాళ్ల లెక్కలో కోత పెట్టకూడదు. టెండరు కాగితంలో ఈ షరతు ఒక వాక్యం. ఏప్రిల్ చివర్లో కోత మొదలవుతుంది కాబట్టి, కల్లాలకు స్థలాలు చూసేటప్పుడే లారీ ఆగే చోటు కూడా గీసి పెట్టాలి.